బొచ్చుకు చెవుల్లేవు

నిన్న పొద్దు కుందుర్పి గుట్ట దాటకముందే
వంకలోకి తోలినాము జీవాలను.
మోకాటి లోతు నీళ్ళు,
రెండేండ్ల తరువాత.
ఒక్కోదాన్ని పట్టి ముంచి వదిలితే
చీర తడిసిన ముసలమ్మల మాదిరి
గొణుక్కుంటా గట్టెక్కినాయి.
రాత్రికి ఆరినాయి. తెల్లారి కత్తిరింపు.

కత్తిరోళ్ళు రాయదుర్గం దిక్కు నుంచి వచ్చినారు,
ఏడుగురు. వాళ్ళ పెద్ద హొన్నూరప్ప
సానరాయి మీద కత్తెర పెట్టి
మొదట అడిగింది కూలి సంగతి కాదు:
"ఇంకా కలవలేదా మీ నాయనోళ్ళు?"

కలవలేదు.
ఉగాది ముందర పంచుకున్నారు మందను.
నాయన గుర్తు ఎడమచెవి కొసన గాటు,
చిన్నాయన గుర్తు కుడిచెవికి బెజ్జం.
దొడ్డి నడుమ కంప.
కంపకు ఆ పక్క తల్లి, ఈ పక్క పిల్ల
రాత్రంతా అరిస్తే
అవ్వ లేచిపోయి కాలితో తన్ని
దారి చేసి వచ్చి పండుకునేది.
పొద్దున ఇద్దరూ వచ్చి
చెరొక కొస పట్టుకొని, మాట లేకుండా,
మళ్ళీ కంప సర్దేవాళ్ళు.

ఇయ్యాల మాత్రం దొడ్డి ఒకటి చేయక తప్పలేదు.
కత్తిరోళ్ళకు రెండు దినాలు లేవు,
రేపు మడకశిర పోవాలంట.
చుట్టాలు ఆటోల్లో దిగినారు,
బొమ్మక్కత్త సంచి నిండా ఎండుమిరపకాయలతో,
లేపాక్షి మామ ఉత్త చేతులతో, పెద్ద గొంతుతో.
పిల్లోళ్ళు కాళ్ళు పట్టేదానికి,
ఆడోళ్ళు సంగటి కెలికేదానికి,
ముసలోళ్ళు తప్పులు పట్టేదానికి.
నాయన నీళ్ళ డ్రమ్ము కాడ,
చిన్నాయన తుమ్మచెట్టు కాడ,
నడుమ నేను, ఇంటర్ నోటుబుక్కుతో.
ఎడమ గాటుకు ఒక గీత, కుడి బెజ్జానికి ఒక గీత.
"ఇంత చదువూ ఇందుకా?" అన్నాడు మామ.

కత్తెర కిర్రుమంటాంటే
కంబళి విప్పినట్టు ఒకే తునకగా జారింది బొచ్చు.
లోపల నుంచి సన్నగా, సిగ్గుపడతా
ఇంకో గొర్రి.
తల్లిని గుర్తుపట్టక పిల్లలు బెదిరి
కనపడిన పొదుగునల్లా వాసన చూస్తా తిరిగినాయి.

మధ్యాన్నానికి కుప్ప మనిషెత్తు అయింది.
నా పుస్తకంలో
నాయనవి ఎనభై మూడు, చిన్నాయనవి డెబ్భై ఆరు.
కుప్ప మాత్రం ఒకటే.
"ఎవరిది వాళ్ళకు పంచండి," అన్నాడు నాయన, డ్రమ్ముతో.
"తక్కెడ తేండి," అన్నాడు చిన్నాయన, చెట్టుతో.

అప్పటికే అవ్వ కుప్ప మీద కూచొని ఉంది,
కాళ్ళు చాపుకొని, ఒళ్ళో కదురు పెట్టుకొని.
చెయ్యి లోపలికి దోపి ఒక గుప్పెడు తీసి
ఇద్దరికీ చూపించింది.
"చెవి ఏదిరా దీనికి?
గాటు ఎక్కడుందో చూపీ. బెజ్జం ఎక్కడుందో చూపీ.
చూపించినోడు ఎత్తకపో."

కత్తెరలు ఆగినాయి.
లేపాక్షి మామ గొంతు కూడా.

బొచ్చు కొనే షావుకారి ఈ ఏడు రాడని
అందరికీ తెలుసు.
కత్తిరించిన కూలికే చాలదు దాని ధర.
ఎవరూ కొనని దాని ముందర
అంతమంది అంతసేపు
నోరు మూసుకొని నిలబడేది
నేను అప్పుడే చూసినాను.

తరువాత గొప్పగా ఏమీ జరగలేదు.
పొట్టేలు కూరలో కారం ఎక్కువైంది,
బొమ్మక్కత్త మిరపకాయలను అందరూ తిట్టినారు.
చిన్నాయన ముక్కు చీదుకుంటా
డ్రమ్ము కాడికి వచ్చినాడు.
నాయన చెంబు ముంచినాడు.
చేతికి ఇయ్యలేదు.
డ్రమ్ము అంచు మీద పెట్టి
పక్కకు జరిగినాడు.
చిన్నాయన తాగినాడు, రెండు చెంబులు.

చీకటిపడ్డాక కంప మళ్ళీ వేసినారు, నిజమే.
ఎవరు వేసినారో గానీ
అడుగున ఒక పిల్ల దూరేంత సందు
మూయకుండా వదిలినారు.

ఆ రాత్రి అవ్వ
కత్తెర మాదిరి గురక పెట్టింది.